మేనమామ పోలిక



మా అమ్మమ్మగారి ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో, ఎలమంచిలి దాటాక, వరాహ నది ఒడ్డున ఉంటుంది. లక్కపిడతల ఊరు అంటే మీలో చాలామందికి చప్పున గుర్తుకొస్తుంది. చిన్నప్పుడు బుజ్జి పొయ్యి, బుజ్జి బిందె, బుజ్జి తిరగలి పెట్టుకుని ఆడుకోని ఆడపిల్ల మా కాలంలో లేదు. ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజమైన రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నేను చెప్పబోయేది అంతకు చాలా ముందు సంగతి. రంగు పొడులు బజారులో కొని తెచ్చుకునే రోజులవి.

మా మావయ్య బొమ్మలు చేసేవాడు. వేసవి సెలవులకు వెళ్తే నేను పొద్దస్తమానం ఆయన పక్కనే కూర్చునేదాన్ని. ఎండిన అంకుడు కర్ర ముక్కను బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే, తెల్లటి చెక్కపొట్టు జిలేబీ చుట్టల్లా రాలేది. పిడత ఆకారం తేలాక, అది తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనించేవాడు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకునేది. ఆఖరున మొగలి ఆకు పెట్టి రుద్దితే వచ్చే ఆ మెరుపు చూడాలి, అద్దంలో మొహం చూసుకున్నట్టుండేది.

లక్క కడ్డీలు అందించడం నా పని. ఒకరోజు "ఒరే బొట్టీ, ఎర్రదియ్యి" అన్నాడు. ఇచ్చాను. ఆయన దాన్ని చూడలేదు. కడ్డీ చివర బొటనవేలితో ఒకసారి తడుముకుని, సరేనన్నట్టు తలాడించి పనిలో పడిపోయాడు. తర్వాత కడ్డీలన్నీ తిరగేసి చూశాను. ఎర్ర కడ్డీకి, పట్టుకునే చివర, ఒక గాటు. ఆకుపచ్చదానికి రెండు. ముదురు గోధుమరంగుదానికి మూడు. పసుపుకీ నీలానికీ మాత్రం గాట్లు లేవు.

ఆ గాట్లు పెట్టేది మా అమ్మమ్మ. రాత్రి అన్నాలయ్యాక లాంతరు ముందు కూర్చుని, కత్తిపీట కొసతో ఒక్కో కడ్డీకీ గాటు పెట్టేది. ఎందుకమ్మమ్మా అంటే, "మీ మావయ్యకి గుర్తుండవే" అనేది. ఎరుపూ ఆకుపచ్చా ఎవరికైనా ఎందుకు గుర్తుండవో నాకు అర్థమయ్యేది కాదు. ఆ ఊళ్లో ఎవరికీ మావయ్య గురించి ఈ సంగతి తెలియదు. ఆయన బొమ్మలు అందరి బొమ్మల్లాగే అమ్ముడయ్యేవి. పండుమిరపకాయలు కోసుకురమ్మంటే మాత్రం ఒక్కో కాయనీ వేళ్లతో నొక్కి చూసి కోసేవాడు. పండు మెత్తగా ఉంటుంది, పచ్చిది గట్టిగా ఉంటుంది కదా.

చాలా ఏళ్ల తర్వాత కాలేజీలో జంతుశాస్త్రం చదువుతూ, "లింగ సహలగ్న అంతర్గత లక్షణాలు" అనే పాఠంలో వర్ణాంధత్వం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ. ఈ మూడూ కలిసిపోతాయి. పసుపు, నీలం విడిగా తెలుస్తాయి. మా అమ్మమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే, సరిగ్గా ఏ మూడింటికి గాట్లు కావాలో ఆ మూడింటికే పెట్టింది.

తర్వాత నేనూ కాలేజీలో ఆ పాఠమే ముప్ఫై ఏళ్లు చెప్పాను. ఇవాళ మాత్రం పరీక్ష కోసం కాదు, ఇంట్లో అవసరమయ్యేలా చెప్పాలని వచ్చాను.

మా అబ్బాయికి ఇరవై రెండేళ్లప్పుడు ఒక ఉద్యోగానికి రాతపరీక్ష పాసయ్యాడు. సిగ్నళ్లు చూసి నడపాల్సిన ఉద్యోగం. వైద్య పరీక్షలో వాడి ముందు రంగుచుక్కల పుస్తకం పెట్టారు. జపాన్ వైద్యుడు ఇషిహారా 1917లో తయారుచేసిన పలకలవి. చుక్కల్లో దాగిన అంకె చెప్పాలి. మొదటి పలకలో పన్నెండు అని చెప్పాడట. ఆ పలక అందరికీ కనబడుతుంది. ఆ తర్వాతి పలకల్లో వాడికి చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. అక్కడితో ఆ ఉద్యోగం పోయింది. ఆ నిబంధన తప్పని నేను అనను. 1875లో స్వీడన్‌లోని లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాక, హోల్మ్‌గ్రెన్ అనే శరీరశాస్త్రవేత్త రంగు రంగుల ఉన్ని దారాలతో రైల్వే సిబ్బంది చూపును పరీక్షించడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి ప్రపంచమంతా ఆ జాగ్రత్త పాటిస్తోంది. నా బాధ వేరు. ఇరవై రెండేళ్లు వాణ్ని పెంచాను, ఈ పాఠం చెప్పి జీతం తీసుకున్నాను, అయినా గమనించలేకపోయాను.

పిల్లలు బయటపడరు. ఆకు ఆకుపచ్చ, రక్తం ఎరుపు అని వస్తువుని బట్టి నేర్చేసుకుంటారు. పైగా మన మాటల్లోనే "పచ్చ" అంటే ఆకుపచ్చా కావచ్చు, పసుపుపచ్చా కావచ్చు. పిల్లాడు తడబడితే మాట రాలేదనుకుంటాం గానీ రంగు తెలియలేదని అనుకోం.

వాడు ఇంటికొచ్చి సంగతి చెప్పిన రాత్రి మా అత్తగారు ఒక మాట అన్నారు. "మా వంశంలో ఇలాంటివి లేవమ్మా. ఇది మీ వైపు నుంచే వచ్చింది." ఆమె కోపంతో అనలేదు. మనవడి మీద బెంగతో అన్నారు. అయినా ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. నిజమైన మాటే ఒక తల్లికి నేరంగా ఎలా వినిపిస్తుందో నాకు ఆరోజు తెలిసింది. ఇలాంటి మాట పడి, జవాబు తెలియక ఊరుకున్న తల్లులు మన ఊళ్లలో ఎంతమందో. ఆ జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఇరవై మూడు జతల క్రోమోజోములు ఉంటాయి. ఇరవై రెండు జతలు ఆడా మగా తేడా లేకుండా ఒకటే. ఇరవై మూడో జతలోనే తేడా. ఆడవాళ్లకు రెండూ ఎక్స్‌లే. మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. వై చాలా చిన్నది. ఎక్స్ మీద ఉన్న జన్యువుల్లో ఎక్కువ వాటికి దాని మీద జోడు లేదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులను పట్టుకునే కంటి వర్ణకాల జన్యువులు రెండూ ఎక్స్ మీదే పక్కపక్కన ఉంటాయి. నీలానిది వేరేచోట, ఏడో క్రోమోజోము మీద ఉంది. మా మావయ్యకి నీలం కడ్డీకి గాటు అక్కర్లేకపోవడం అందుకే.

ఏటికొప్పాకలో ఒక కొత్తరకం బొమ్మ చెయ్యాలంటే ముందు ఒక నమూనా పిడత పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ మిగతావి చేస్తారు. నమూనాలు రెండున్నాయనుకోండి. ఒకటి వంకరది, ఒకటి చక్కటిది. సరుకులో చక్కటి పిడతలూ ఉంటాయి కాబట్టి దుకాణం నడుస్తుంది. నమూనా ఒక్కటే ఉండి, అదే వంకరదైతే సరుకంతా వంకరే. ఆడవాళ్లది రెండు నమూనాల ఇల్లు, మగవాళ్లది ఒక్క నమూనా ఇల్లు. అంతర్గత లక్షణం అంటే ఇంతే. మంచి జోడు పక్కన ఉన్నంతకాలం అది బయటపడదు. అలా లోపల దాచుకుని తిరిగే స్త్రీని వాహకురాలు అంటారు. ఆమెకు జబ్బు ఉన్నట్టు కాదు. చాలామందికి తాము వాహకురాళ్లమన్న సంగతి జీవితాంతం తెలియనే తెలియదు.

ఇంకో చిత్రం ఉంది. 1961లో మేరీ లయన్ అనే శాస్త్రవేత్త చెప్పింది. ఆడపిల్ల గర్భంలో చాలా తొలినాళ్లలో ఉన్నప్పుడే, ఆమె ప్రతి కణమూ రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని ఎంచుకుని, రెండోదాన్ని చుట్టి మూల పెట్టేస్తుందట. ఆ కణం నుంచి పుట్టినవన్నీ అదే పాటిస్తాయి. అంటే నా కంటి తెరలో కొన్ని మచ్చలు మంచి నమూనాతోనూ, కొన్ని మా మావయ్య నమూనాతోనూ తయారయ్యాయి. మంచివి సరిపడినన్ని ఉన్నాయి కాబట్టి నాకు రంగులు తెలుస్తున్నాయి. తెలుపు, నలుపు, నారింజ కలగలిసిన మూడు రంగుల పిల్లి ఎప్పుడైనా కనిపిస్తే గమనించండి. అది దాదాపు ఎప్పుడూ ఆడపిల్లే. దాని నారింజ, నలుపు రంగుల జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. ఒక్కో మచ్చలో ఒక్కో ఎక్స్ పనిచేస్తుంది. మనుషుల్లో కంటికి కనిపించని సంగతి పిల్లి వీపు మీద పరిచినట్టు కనిపిస్తుంది.

ఇక వారసత్వం. చేతికందితే ఒక కాగితం తీసుకోండి. తండ్రి తన ఒక్క ఎక్స్‌ను ప్రతి కూతురికీ ఇస్తాడు. కొడుక్కి వై మాత్రమే ఇస్తాడు, ఎక్స్ ఎప్పుడూ ఇవ్వడు. అలా ఇస్తేనే వాడు కొడుకు. తల్లి తనకున్న రెండింటిలో ఏదో ఒకటి ఇస్తుంది, కొడుకైనా కూతురైనా సరే. ఏది వెళ్తుందన్నది చీటీ తీసినట్టే. ఈ చీటీ ప్రతి కాన్పుకీ కొత్తగా తీస్తారు. వాహకురాలి కొడుకుల్లో సగం మందికి వస్తుందంటే, పెద్దవాడికి వస్తే చిన్నవాడు తప్పించుకుంటాడని కాదు. ఇద్దరికీ రావచ్చు, ఇద్దరికీ రాకపోవచ్చు. పెద్దవాడికి వచ్చేసింది కదా, ఇక పరవాలేదు అని ధైర్యం చెప్పుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

ఇప్పుడు మా అబ్బాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. వాడి ఎక్స్ నా నుంచే వచ్చింది. నాకు రంగులు తెలుస్తాయి కాబట్టి నేను వాహకురాలిని. నాకది ఎక్కడిది? మా నాన్నగారికి రంగులు చక్కగా తెలుసు, ఆయన ఎక్స్ మంచిది. కాబట్టి మా అమ్మ నుంచి. మా అమ్మ అన్నకి, అంటే మావయ్యకి, అదే ఉంది కాబట్టి ఇద్దరికీ మా అమ్మమ్మే ఇచ్చింది. ఒక కుర్రాడు పలక మీద అంకె చదవలేకపోతే, రాసిపెట్టిన కాగితం ఒక్కటి లేకుండా మూడు తరాల ఆడవాళ్ల సంగతి తేటతెల్లమైంది. మా అమ్మమ్మ పోయి అప్పటికి పదిహేనేళ్లు.

మగపిల్లాడు పుట్టగానే మన ఇళ్లలో "అచ్చు మేనమామ పోలిక" అంటారు. ముక్కుకీ మొహానికీ అది ఎంత నిజమో చెప్పలేను. ఎక్స్ విషయంలో మాత్రం అందులో నిజముంది. ఇంటిపేరు తండ్రి దారిన వస్తుంది. తాత పేరు మనవడికి పెట్టుకుంటాం, ఎక్కువగా తండ్రి తండ్రి పేరే. కానీ ఆ తాత ఎక్స్‌లో రవ్వంతైనా ఆ మనవడి దగ్గర ఉండదు. తల్లి తండ్రి ఎక్స్ మాత్రం ఉండే వీలుంది. అందుకే మన వంశవృక్షాల్లో ఈ దారి కనబడదు. ఆడపడుచు పెళ్లై వెళ్లిపోతే ఆమె కొమ్మను అక్కడితో ఆపేస్తాం. ఎక్స్ ప్రయాణం సరిగ్గా అక్కడినుంచే మొదలవుతుంది.

వర్ణాంధత్వం మగవాళ్లలో ఎక్కువ, ఆడవాళ్లలో అరుదు అన్నది కూడా ఈ లెక్కే. ఒక ఊళ్లో ఇరవై మంది మగవాళ్లలో ఒకరికి ఉందనుకోండి. ఆడపిల్లకు రావాలంటే రెండు ఎక్స్‌లూ అలాంటివే కావాలి కాబట్టి, ఇరవైని ఇరవైతో గుణించి, నాలుగు వందల మందిలో ఒకరికి అనుకోవాలి. యూరప్ సంతతి మగవాళ్లలో సుమారు నూటికి ఎనిమిది మందికి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మన దేశంలో చాలాచోట్ల అంతకన్నా తక్కువ మందిలోనే కనబడింది.

పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కి ఈ లోపం ఉండేది. 1794లో తన చూపు గురించి తనే ఒక వ్యాసం చదివాడు. తన సోదరుడికి కూడా అలాగే ఉందని అందులోనే చెప్పాడు. కంటి లోపలి ద్రవం నీలంగా ఉండటం వల్లేమో అనుకుని, తను పోయాక కళ్లు కోసి చూడమన్నాడు. 1844లో చూశారు. ద్రవం మామూలుగా తేటగానే ఉంది. ఆ కంటి ముక్కలు భద్రంగా దాచారు. 1995లో వాటినుంచి జన్యు పదార్థం తీసి చూస్తే, ఆకుపచ్చను పట్టే వర్ణకం ఆయనకు లేదని తేలింది. నూటయాభై ఏళ్ల తర్వాత ఆయన ప్రశ్నకి ఆయన కన్నే జవాబు చెప్పింది.

ఈ శాస్త్రం ఎక్కడో విదేశాల్లోదని అనుకోకండి. మన కోస్తాతో దీనికి గట్టి బంధమే ఉంది. జె.బి.ఎస్. హాల్డేన్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త 1937లో జూలియా బెల్ అనే వైద్యురాలితో కలిసి, వర్ణాంధత్వం జన్యువూ, రక్తం గడ్డకట్టని హీమోఫీలియా జన్యువూ ఒకే క్రోమోజోము మీద దగ్గర దగ్గరగా ఉన్నాయని కుటుంబాల చరిత్రలు చూసి తేల్చాడు. మనుషుల్లో అలాంటి బంధాన్ని లెక్కకట్టి చూపడం అదే మొదలు. ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశం వచ్చేశాడు. కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరాడు. అక్కడ ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో ద్రోణంరాజు కృష్ణారావు గారు ఒకరు. ఆయనది పిఠాపురం. మా ఏటికొప్పాక నుంచి రైలు దారినే వెళ్తే తుని, అన్నవరం దాటాక వచ్చే ఊరు.

ద్రోణంరాజు గారు ఆంధ్ర కుటుంబాల్లో మగవాళ్ల చెవి అంచున మొలిచే వెంట్రుకల మీద 1960లో వ్యాసం రాశారు. అది వై మీద ఉన్న లక్షణమని, తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి, అచ్చం ఇంటిపేరులా నడుస్తుందని ఆ వంశవృక్షాలు సూచించాయి. చాలా ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో అదే ఉదాహరణ. నేనూ పిల్లలకు అదే చెప్పాను. 2004లో దక్షిణ భారత మగవాళ్ల వై క్రోమోజోములు పరీక్షించినవాళ్లు మాత్రం అది వై మీదిది కాదన్నారు. ద్రోణంరాజు గారే పి. మీరాఖాన్ గారితో కలిసి ఆంధ్రలో మేనరికాలు ఎంత ఎక్కువో, వాటి ఫలితాలేమిటో 1960ల్లో లెక్కలు తీసి ప్రచురించారు. మన ఇళ్లలో మామూలుగా జరిగిపోయే పెళ్లిళ్లను ప్రపంచ శాస్త్రం ముందు పెట్టింది మన ఊళ్లవాళ్లే.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం ఇవ్వమని రాసిపెట్టాడు. ఇవ్వమన్నది ఎక్కడికో తెలుసా? కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి. ఈ సంగతి తెలిసిన రోజు నేను క్లాసులో కాసేపు పాఠం చెప్పలేకపోయాను. నాకూ, మావయ్యకీ, మా అబ్బాయికీ పంచిన ఆ జన్యువు చోటును లెక్కకట్టిన మనిషి, ఆఖరి ప్రయాణంలో మా ఊరి ముందునుంచి వెళ్లే దారి పట్టాడు కదా అనిపించింది.

మేనరికం మాట వచ్చింది కాబట్టి అది పూర్తిగా చెప్తాను. ఇక్కడ మనవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది, పుస్తకాల్లో ఎక్కడో మూలన ఉంటుంది. మేనత్త కూతుర్ని చేసుకోవడం, మేనమామ కూతుర్ని చేసుకోవడం మన లెక్కలో ఒకటే వరస. మిగతా ఇరవై రెండు జతల క్రోమోజోముల విషయంలో కూడా ఒకటే. దంపతులిద్దరికీ ఉమ్మడి పూర్వీకుల్లో ఒకరి జన్యువే వచ్చి, బిడ్డలో అవి రెండూ కలిసే అవకాశం పదహారింట ఒకటి. ఎక్స్ విషయంలో మాత్రం ఈ రెండూ ఒకటి కావు.

మేనత్త కూతుర్ని చేసుకున్నవాడు ఆమెకు తన తండ్రి వైపు చుట్టం. అతని ఎక్స్ తల్లిది. తండ్రి వైపు ఎక్స్ అతని దగ్గర లేనే లేదు. కాబట్టి వాళ్లకు పుట్టే కూతురిలో ఆ చుట్టరికం వల్ల ఒకే ఎక్స్ జన్యువు జోడీగా చేరే అవకాశం సున్నా. మేనమామ కూతుర్ని చేసుకుంటే లెక్క మారుతుంది. అతని ఎక్స్ తల్లి నుంచి వచ్చింది, ఆమె ఎక్స్‌లలో ఒకటి మేనమామది, ఆ ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు. అలా పుట్టే కూతురికి ఆ అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనమామనే చేసుకున్నా ఎనిమిదింట ఒకటే. మా మావయ్య కూతుర్ని మా తమ్ముడికి చేసుకుందామని ఇంట్లో ఒకప్పుడు గట్టిగా అనుకున్నారు. ఆ పిల్లకి తండ్రి ఎక్స్ తప్పకుండా వచ్చింది కాబట్టి ఆమె వాహకురాలే, అందులో అనుమానం లేదు. మా తమ్ముడికి రంగులు తెలుసు కాబట్టి, పెళ్లి జరిగి ఉంటే వాళ్ల ఆడపిల్లల్లో ఎవరికీ ఇది వచ్చేది కాదు. వాడికి తెలియకపోయి ఉంటే, కూతుళ్లలో సగం మందికి వచ్చి ఉండేది.

కొడుకుల సంగతో అని అడుగుతారు. కొడుకుల ఎక్స్ తల్లిదే, తండ్రి చుట్టమైనా పరాయివాడైనా వాళ్లకు ఒకటే. కాబట్టి హీమోఫీలియా ఉన్న కొడుకు పుట్టగానే "మేనరికం చేసుకున్నారు, అందుకే" అనేవాళ్ల మాట తప్పు. ఆ జబ్బుకి మేనరికాన్ని నిందించనక్కర్లేదు. మేనరికం వల్ల పెరిగే జబ్బులు వేరే ఉన్నాయి, అవి మిగతా ఇరవై రెండు జతల మీదివి. వాటి గురించి జాగ్రత్త పడాల్సిందే.

వర్ణాంధత్వం ప్రాణం తీయదు. అదే దారిలో నడిచే మిగతావి అలా కాదు. హీమోఫీలియా 'ఎ' రకం సుమారు ఐదువేల మగశిశువుల్లో ఒకరికి వస్తుంది. రక్తం గడ్డకట్టించే ఎనిమిదో కారకం లోపిస్తుంది. పాకడం మొదలుపెట్టిన పిల్లాడికి మోకాళ్ల దగ్గర నీలంగా కమిలి వాపులు, పన్ను ఊడితే ఆగని రక్తం. విక్టోరియా రాణి కుటుంబంలో కూతుళ్ల ద్వారా రష్యా రాజకుమారుడు అలెక్సీ దాకా వెళ్లింది ఈ జబ్బులోని 'బి' రకమని 2009లో జన్యు పరీక్షల్లో తేలింది. ఇంకా ఎన్నో శతాబ్దాల ముందే యూదుల పాత ధర్మశాస్త్రంలో ఒక నియమం ఉంది. సున్తీ చేసినప్పుడు రక్తం ఆగక ఒక ఇంటి అక్కచెల్లెళ్ల కొడుకులు పోతే, ఇంకో చెల్లెలి కొడుక్కి సున్తీ చెయ్యొద్దని. క్రోమోజోము అనే మాటే తెలియని కాలంలో, చూసి చూసి, ఇది అక్కచెల్లెళ్ల దారిన వస్తుందని పట్టుకున్నారు.

డుషేన్ కండరాల క్షీణత కూడా ఇదే దారి. మూడు నాలుగేళ్లు చక్కగా నడిచిన పిల్లాడు మెట్లెక్కలేక, నేలమీద కూర్చుంటే తొడల మీద చేతులు ఊని లేస్తుంటే ఆలస్యం చెయ్యకూడదు. జి6పిడి అనే ఎంజైము లోపం కూడా ఎక్స్ మీదిదే. మన పై కొండల్లో, ఏజెన్సీలో మలేరియా వస్తుంది కదా, దానికిచ్చే ప్రైమాక్విన్ మందు ఈ లోపం ఉన్నవాళ్లలో ఎర్రరక్తకణాలను పగలగొడుతుంది. మూత్రం నల్లగా వస్తే వెంటనే వైద్యుడికి చెప్పాలి.

అందుకే గర్భిణిగా ఆసుపత్రికి వెళ్లినప్పుడు, పెళ్లి మాటలప్పుడు కూడా, తల్లి వైపు చరిత్ర చెప్పండి. మీ అన్నదమ్ముల్లో, మేనమామల్లో, పెద్దమ్మ పిన్నుల కొడుకుల్లో ఎవరికైనా రక్తం ఆగకపోవడం, చిన్నతనంలోనే నడక పోవడం ఉందా? చిన్నప్పుడే పోయిన మగపిల్లల సంగతి మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు, ఏడుపొస్తుందని. ఆ ఒక్కసారికి ఎత్తండి. వాహకురాలా కాదా అని రక్తపరీక్షతో చెప్పగలిగే రోజులు వచ్చాయి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో జన్యు పరీక్షలు చేస్తారు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కూడా లింగ సహలగ్న జబ్బులను, అంటే ఇలా ఎక్స్ దారిన నడిచేవాటిని, గర్భంలో కనిపెట్టే పరీక్షకు, వైద్యుల పర్యవేక్షణలో అనుమతి ఇచ్చింది. హీమోఫీలియానీ కండరాల క్షీణతనీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చేర్చారు. ఇంకొక మాట. హీమోఫీలియా పిల్లల్లో సుమారు మూడోవంతు మందికి కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఉండదు. జన్యువు కొత్తగా మారి వస్తుంది. దీన్ని లెక్కకట్టినవాడూ హాల్డేనే, 1935లో. అలాంటి తల్లిని పట్టుకుని "మీ వైపు" అంటే అక్కడ ఏ వైపూ లేదు.

ఇక మా అత్తగారికి నేను ఆ రాత్రి ఇవ్వలేని జవాబు. ఓ ఏడాది తర్వాత, ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు ఇచ్చాను. "అవునత్తయ్యా, నా నుంచే వచ్చింది. నాకు రెండున్నాయి, చీటీ ఏది పడిందో నాకు తెలియలేదు. మా అమ్మకీ తెలియలేదు. మీ అబ్బాయి వై ఇచ్చాడు కాబట్టి మీ మనవడయ్యాడు. ఎక్స్ ఇచ్చి ఉంటే మనవరాలయ్యేది, రంగులన్నీ కనిపించేవి." ఆమె చిక్కుడు గింజలు గిన్నెలో వేసి, కాసేపటికి, "మా తమ్ముడు కూడా ఎర్రచీర, పచ్చచీర తేడా చెప్పేవాడు కాదే" అన్నారు. నేను నవ్వలేదు. ఆమె ఎన్నాళ్లుగా ఆ మాట దాచుకున్నారో అనుకున్నాను. ఆమెకూ, ఆమె అమ్మకూ, నాకూ ఒకే చీటీల డబ్బా.

మా అబ్బాయి ఇప్పుడు లెక్కల మాస్టారు. వాడికి ఒక కూతురు, నాలుగేళ్లది. తండ్రి ఎక్స్ దానికి తప్పకుండా వచ్చింది. వాళ్లమ్మ నుంచి మంచిది వచ్చింది. మొన్న సంక్రాంతికి అందరం ఏటికొప్పాక వెళ్లాం. మావయ్య ఇప్పుడు లేడు. ఆయన పనిచేసిన పాకలో ఆయన మనవడు కరెంటు మోటారు పెట్టుకుని పని చేస్తున్నాడు. పసుపు, నీలి, లక్కతో పాటు జాఫ్రా గింజల రంగు కూడా వాడుతున్నారు. పాత సామాను పెట్టెలో రెండు మూడు అరిగిపోయిన లక్క కడ్డీలు దొరికాయి, చివర గాట్లతో సహా. మా అబ్బాయి వాటిని తీసుకుని, చూడకుండా, బొటనవేలితో తడిమాడు.

తర్వాత కూతురి కోసం లక్కపిడతల సెట్టు ఏరుతూ, "ఇదిగో అమ్మలూ, ఎర్ర బిందె" అని ఒకటి చేతిలో పెట్టాడు. అది ఆ బిందెను అటూ ఇటూ తిప్పి చూసి, తండ్రి చెయ్యి పట్టుకుని చెప్పింది.

"ఎరుపు కాదు నాన్నా. ఇది ఆకుపచ్చ. ఎర్రది నీ ఇంకో చేతిలో ఉంది."